మార్జిన్‌లో పెన్సిల్ రాత

"నాలుగింటికి సంతకం పెట్టేస్తున్నాను పువాన్. ఆ తర్వాత మీ ప్రశ్నలు మీరు తీరిగ్గా వేసుకోవచ్చు," అన్నాడు ఊయి బూన్ టెక్, కుర్చీలో వెనక్కి వాలి.

అప్పుడు ఉదయం తొమ్మిదీ నలభై.

ఊయి పినాంగ్ నుంచి వచ్చిన బీమా సర్వేయరు. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో పనిచేసి, ఇప్పుడు రాళ్లెక్కిన పడవల చుట్టూ తిరిగి తప్పెవరిదో తేలుస్తుంటాడు. మామూలుగా అతనికి అరపూట చాలు. మలేషియాలోని ఈ లంకావి దీవిలో ఒక్క పడవకి రెండు రోజులు పట్టినందుకు తన మీద తనకే చిరాగ్గా ఉన్నట్టుంది.

అతను పువాన్, అంటే అమ్మగారూ, అని పిలిచింది సముద్ర పోలీసు ఇన్‌స్పెక్టర్ సబారియాని. ఆమె అతని రిపోర్టును రెండోసారి చదివింది. మంగళవారం తెల్లవారుజామున ఐదూ ఇరవైకి నైరుతి నుంచి సుమత్రా గాలివాన కొట్టింది. 'కూకబరా' అనే తెరచాప పడవ తెలుక్ సిరె అనే చిన్న అఖాతంలో లంగరు జారి రాళ్ల మీదికి పోయింది. యజమాని డెన్నిస్ హార్కర్, అరవై రెండేళ్లు, ఆస్ట్రేలియా దేశస్థుడు, సముద్రంలో పడి చనిపోయాడు. కారణం: నైరుతి గాలికి తెరిచి ఉండే చోట, నైరుతి గాలుల కాలంలో లంగరు వేయడం. యజమాని నిర్లక్ష్యం.

ఆ చివరి మాట కోసమే డెన్నిస్ భార్య జోన్ బల్లకి ఇవతల కూర్చుని ఉంది. నుదుటి మీద ఆరు కుట్లు. మూడు రోజులుగా నిద్ర లేని కళ్లు.

"నాకు మీ బీమా డబ్బు అక్కర్లేదు. ఆ మాట తీసెయ్యండి. ముప్పై నాలుగేళ్లు ఆయనతో పడవలో కాపురం చేశాను. మూడు పుస్తకాలు తిరగెయ్యకుండా ఒక్క రాత్రి కూడా లంగరు వెయ్యలేదు. మా కొడుక్కి నేనేం చెప్పాలి? మీ నాన్న అజాగ్రత్తగా చచ్చిపోయాడనా?"

"అమ్మా, నేను మనుషుల గురించి రాయను. లంగరు గురించి రాస్తాను. లంగరు జారింది," అన్నాడు ఊయి.

"పడవని నాలుగింటికి ఎవరికి అప్పగిస్తున్నారు?" సబారియా అడిగింది.

"కెప్టెన్ రాద్జికి. పడవల్ని లాగే టగ్గు ఉన్నది అతనికే. కాపాడటానికి వెళ్లిందీ అతనే. ముక్కలు చేసి పట్టుకుపోతాడు. సముద్రానికీ శుభ్రం, మీకూ శుభ్రం."

సబారియా ఫైల్లోంచి రాద్జి వాంగ్మూలం తీసింది. ఐదూ నలభైకి రేడియోలో కేక విన్నాడు. తన రేవు నుంచి వెంటనే బయల్దేరాడు. టగ్గు నెమ్మది, రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఏడూ యాభైకి తెలుక్ సిరె చేరాడు. లెక్క బాగానే ఉంది. ఎటొచ్చీ జోన్ లెక్కతోనే కలవడం లేదు.

"మీరు ఆ టగ్గుని ఎన్నింటికి చూశారు?"

"ఆరూ పావుకి. ఇంకా చీకటే."

"రెండు గంటల దారి ముప్పై ఐదు నిమిషాల్లో వచ్చిందన్నమాట," అన్నాడు ఊయి. "పువాన్, ఆవిడ తల రాయికి కొట్టుకుంది. ఆ స్థితిలో ఎవరికైనా టైము తెలుస్తుందా?"

"పగిలింది నా తల. గడియారం పగల్లేదు," అంది జోన్.

సబారియాకి నవ్వొచ్చినంత పనైంది. కానీ టగ్గు ముందే వచ్చిందనడానికి ఈవిడ మాట తప్ప ఏమీ లేదు. నాలుగింటి తర్వాత పడవ కూడా ఉండదు.

"ఆ రోజు మెరుపులు వచ్చాయా?" ఉన్నట్టుండి అడిగింది.

"ఆకాశమంతా మెరుపులే. ఐదింటి నుంచీ."

"అప్పుడు మీ ఆయన ఏం చేశారు?"

"ఏముంది, అందరూ చేసేదే. బల్ల మీద ఉన్నవన్నీ ఒక సంచీలో వేసి..." జోన్ ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓవెన్."

"మెరుపుల్లో వంటేమిటి?" అన్నాడు ఊయి.

"ఓడల్లో తిరిగిన వాళ్లకి తెలియదులెండి," అంది సబారియా. "చిన్న పడవల వాళ్లు పిడుగు భయం వేస్తే చేతి యంత్రాలన్నీ ఓవెన్‌లో పెట్టి మూత బిగిస్తారు. ఇనప పెట్టె కదా, లోపలివి కాలిపోవని. మీ మనుషులు ఓవెన్ తెరిచారా మిస్టర్ ఊయి?"

ఊయి లేచి టోపీ తీసుకున్నాడు.

పోలీసు పడవ వాళ్లను తెలుక్ సిరెకి చేర్చేసరికి పదకొండూ పది. నీళ్లు బాగా తీసి ఉన్నాయి. కూకబరా కుడి పక్కకి ఒరిగి, రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. సబారియా బూట్లు విప్పి, మోకాలి లోతు నీళ్లలో లంగరు గొలుసు పట్టుకుని దాని వెంటే నడిచింది. ముప్పై అడుగుల అవతల లంగరు దొరికింది. దాని కొక్కేలు రాపిడికి కొత్త గరిటెల్లా మెరుస్తున్నాయి. కాలితో అడుగు తవ్వి చూసింది. నాలుగు వేళ్ల మందాన ఇసుక, కింద అంతా బండ.

"బురద ఉంటేనే లంగరు పట్టేది. ఇక్కడ ఆ జాడే లేదు," అంది.

"నేను రాసిందీ అదేగా. బండ మీద లంగరు వేసినవాడిని తెలివైనవాడని రాయమంటారా?"

"ఇక్కడ బండ ఉందని తెలిసి ఎవరూ వెయ్యరు. ఏముందనుకుని వేశాడో చెప్పండి."

"అది చచ్చిపోయినవాడిని అడగాలి."

"మీ నోరు కాస్త అదుపులో పెట్టుకోండి. వాళ్లావిడ వెనకే ఉంది."

ఊయి వెనక్కి తిరిగి చూసి తలవంచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. రెండు రోజుల నుంచీ తను చెప్పిందే రైటు అనుకుంటూ వచ్చినవాడికి ఒక్కసారిగా దిగడం కష్టం.

పడవ లోపల నేలకీ గోడకీ తేడా లేదు. జోన్ గుమ్మంలో నిలబడి ఒక్కో వస్తువునీ చూస్తూ పెదవి కొరుక్కుంటోంది. పుస్తకాల అల్మరా ఖాళీగా ఉంది. పుస్తకాలన్నీ కింద నీళ్లలో నానుతున్నాయి.

"ఆ అల్మరా తలుపుకి ఇత్తడి గడి ఉంది," అంది జోన్. "పడవ బోర్లాపడినా ఊడదు. ఎవరో తీశారు."

"రాద్జి మీతో మాట్లాడాడా ఆ పొద్దున?"

"మర్యాదగా మాట్లాడాడు. దుప్పటి కప్పాడు. 'పాస్‌పోర్టులు, కాగితాలు ఏమైనా ఉంటే చెప్పండి మేడమ్, లోపలికెళ్లి తెస్తాను' అన్నాడు. చాలాసేపు వెతికాడు. పాస్‌పోర్టులు మాత్రం తేలేదు. అవి ఎదురుగానే ఉన్నాయి."

సబారియా వంటమూల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఓవెన్ తలుపు లాగింది. రాలేదు. రెండో దెబ్బకి ఉప్పునీళ్లు జలజలా కారాయి, వెనకే ఒక దళసరి ప్లాస్టిక్ సంచీ జారింది. సంచీ మూతి గట్టిగా ముడివేసి ఉంది. లోపల చేతి జీపీఎస్, పొడుగు యాంటెన్నా ఉన్న అదనపు చిన్న రేడియో, నల్ల అట్ట నోటుబుక్కు, స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సు పుస్తకం. అన్నీ పొడిగా ఉన్నాయి.

ఊయి దగ్గరకి వచ్చి వంగి చూశాడు.

జిరాక్సు పుస్తకం మామూలు గైడే. ఈ తీరం వెంట ఎక్కడెక్కడ లంగరు వేయవచ్చో, ఎంత లోతో, ఏ గాలికి ఏ వైపు రక్షణో చెప్పేది. అసలు పుస్తకం ఖరీదెక్కువ, పైగా దొరకదు. అందుకని ఒకటి సంపాదించి అందరూ జిరాక్సులు తీసుకుంటారు. తెలుక్ సిరె పేజీ మధ్యలో రబ్బరు బ్యాండు పెట్టి ఉంది. అచ్చులో ఉన్నది రెండే ముక్కలు: ఈశాన్య గాలుల కాలంలో మాత్రమే, నైరుతికి పూర్తిగా తెరిచి ఉంటుంది. ఆ పక్కన మార్జిన్‌లో చేతిరాత.

'నైరుతిలో కూడా బాగుంది. ఉత్తరపు కొస కిందికి బాగా దగ్గరగా వెళ్లండి. 5 మీటర్లు, చిక్కటి బురద, లంగరు కదల్లేదు. మూడు రాత్రులు హాయిగా నిద్రపోయాం. — పెలికన్, జూన్ 97.'

"ఆయన ఇది నాకు చదివి వినిపించాడు," అంది జోన్. "మిగతా రెండు పుస్తకాల్లోనూ వద్దనే ఉంది. 'అచ్చు పుస్తకం పదేళ్ల నాటిది జోనీ, ఇది నిరుడు ఇక్కడ పడుకుని లేచినవాడు రాసింది' అన్నాడు. నేనూ సరే అన్నాను. నేనే సరే అన్నాను."

ఆమె ఏడ్చింది. సబారియా ఆపలేదు. పడవల మీద బతికే వీళ్లందరి బలహీనతా అదే. అచ్చు వేసినవాడిని అనుమానిస్తారు, సాటి పడవవాడు మార్జిన్‌లో గీకిన మాటని మాత్రం కళ్లు మూసుకుని నమ్ముతారు. తమకి తెలిసింది ఇలాగే రాసి తర్వాతివాళ్లకి వదిలి వెళ్లడం వీళ్లలో ఆచారం. ఆ ఆచారం వల్ల ఎన్నో పడవలు బతికాయి కూడా.

నల్ల నోటుబుక్కులో చివరి పేజీ తీసింది. డెన్నిస్ అక్షరాలు నిటారుగా ఉన్నాయి.

'4.50. ఉత్తరపు కొస వెనక దీపం. టగ్గులా ఉంది. రేడియోలో పిలిచాను, పలకలేదు. 5.05. మెరుపులు. దీపం ఆర్పేశాడు.'

"మీరు కేక వెయ్యకముందే రాద్జి వచ్చి కూర్చున్నాడు," అంది సబారియా.

"ఈ నీళ్లలో చేపల పడవలు వంద ఉంటాయి. ఏదో ఒకటి అయ్యుండొచ్చు," అన్నాడు ఊయి. ముందున్న బింకం ఇప్పుడు గొంతులో లేదు. "అయినా నాలుగింటి లోపు ఇంకేమైనా చూపించండి. చూపిస్తే ఆలోచిస్తాను."

పన్నెండూ నలభైకి రేవులో దిగారు. ఊయి అందరికంటే ముందు మెట్లెక్కి, ఫోను చెవికి పెట్టుకుని పక్కకి వెళ్లాడు. సబారియా అది చూసింది గానీ పట్టించుకోలేదు. పెలికన్ అనే ఆ పడవ ఎక్కడిదో తెలుసుకోవాలన్న తొందరలో ఉంది.

ఆ పేరు బోటు యార్డులో దొరికింది. పడవల్ని నీళ్లలోంచి ఎత్తి, కర్రలు ఆనించి, అడుగున రంగు వేసే చోటది. యార్డు మేనేజరు రిజిస్టరు తిరగేసి వేలు పెట్టి చూపించాడు. పెలికన్ తొంభై ఏడు మే ఇరవైన నేలకెక్కింది. జూలై తొమ్మిదిన దిగింది. చుక్కాని పని ఆలస్యమైంది.

"జూన్ నెలంతా ఇక్కడే ఉందా?"

"ఇదిగో, ఈ మామిడిచెట్టు పక్కనే పువాన్. వాళ్లకి నిచ్చెన లేకపోతే నేనే ఇచ్చాను."

నేల మీద కర్రలెక్కి నిలబడిన పడవ తెలుక్ సిరెలో మూడు రాత్రులు ఎలా పడుకుంటుంది? పొరపాటున ఎవరో తప్పు రాశారన్న ఆశ ఇంతసేపూ సబారియాకి మనసు మూలన ఎక్కడో ఉంది. అది పోయింది.

తెరచాప పడవలు ఆగే మెరీనా వెనక కొట్టు కా సోమ్‌ది. ముసలావిడని ఈ చుట్టుపక్కల అందరూ 'కా', అంటే అక్క, అనే పిలుస్తారు. తాళ్లు, లాంతర్లు, పాత చార్టులు, గైడు పుస్తకాలు అమ్ముతుంది. కొట్టు మూలన తెల్లగుడ్డ కప్పిన జిరాక్సు మెషీను ఉంది. సబారియా జోన్‌నీ ఊయినీ వెంటబెట్టుకుని లోపలికి అడుగుపెట్టేసరికి రెండూ ఇరవై.

జిరాక్సు పుస్తకాన్ని చూడగానే కా సోమ్ నీళ్లు నమిలింది.

"ఇది... ఎవరిదో. ఇలాంటివి అందరి దగ్గరా ఉంటాయమ్మా."

"కా సోమ్, నేను జిరాక్సుల కేసు కోసం రాలేదు. నీ మెషీను జోలికి రాను. ఇది నువ్వు చేసిందేనా?"

"రావు కదా? ప్రమాణం?"

"రాను."

"అయితే నేనే చేశాను. నీటుగా ఉందా లేదా చెప్పు. ఇంత నీటుగా ఈ కుఆహ్ ఊళ్లో ఎవడు చేస్తాడు?" ముసలావిడకి ప్రాణం లేచొచ్చింది. "మంచి గైడు ఏదని ప్రతివాడూ నన్నే అడుగుతాడు. నేను ఒకటే చెప్తాను. రాసినవాడు అక్కడ లంగరు వేశాడా, పక్కనుంచి పోతూ చూసి రాశాడా కనుక్కో. ఏ నెల్లో వేశాడో చూడు. ఏ ఏడాది అచ్చో చూడు. ఒకటి కొనొద్దు, రెండు కొను. రెండూ ఒప్పుకుంటే ఆగు, కొట్టుకుంటే వెలుతురుండగానే ముందుకి పో."

"ఆయనకి కూడా ఇదే చెప్పావా?" జోన్ అడిగింది.

కా సోమ్ అప్పుడు గుర్తుపట్టింది ఆమెని. బల్ల అవతల నుంచి వచ్చి జోన్ రెండు చేతులూ పట్టుకుంది.

"చెప్పాను తల్లీ. మీ ఆయన రెండు అచ్చువి తన దగ్గరే ఉన్నాయని చెప్పి మూడోది ఇది తీసుకున్నాడు. అంత జాగ్రత్త మనిషి తెలుక్ సిరెకి ఎందుకు పోయాడా అని మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు."

సబారియా మార్జిన్‌లోని రాతని ఆమె ముందు పెట్టింది. కా సోమ్ కళ్లజోడు పైకి తోసుకుని చదివింది, మళ్లీ చదివింది.

"ఇది పడవలో వచ్చినవాడు రాసింది కాదు."

"ఎలా చెప్తావు?"

"లోతు రాశాడు, టైము రాయలేదు. ఇక్కడ నీళ్లు మూడు మీటర్లు ఎక్కుతాయి, దిగుతాయి. బయటినుంచి వచ్చినవాడు లోతు రాస్తే పక్కనే ఎన్నింటికి చూశాడో రాసి తీరతాడు. మిగతావన్నీ చూడు. ఇదిగో టైము, ఇదిగో టైము. టైము అక్కర్లేనివాడు ఎవడు? పోటు ఎప్పుడో ఒంటికే తెలిసినవాడు. ఈ ఊరివాడు."

ఊయి గొంతు సవరించుకున్నాడు. సబారియా అటు చూడలేదు.

"నీ అసలు పుస్తకం ఇవ్వు. దేని మీంచి జిరాక్సులు తీశావో అది."

అద్దాల బీరువా తాళం తీసి కా సోమ్ బరువైన నీలం అట్ట పుస్తకం తెచ్చింది. మార్జిన్ల నిండా పదేళ్ల పెన్సిల్ రాతలు, రకరకాల చేతులు. తెలుక్ సిరె పేజీ తీశారు. అచ్చు ఉంది. పక్కన ఏమీ లేదు.

"ఇదేమిటి? జిరాక్సులో ఉన్నది దీన్లో లేదే!"

సబారియా పుస్తకాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, వెలుగు పక్కనుంచి పడేలా ఒంచింది. కాగితం మీద పెన్సిల్ నొక్కిన సన్నటి గుర్తులు కనబడ్డాయి. నైరుతిలో కూడా బాగుంది. ప్రతి అక్షరమూ ఉంది, పెన్సిల్ నలుపు మాత్రమే లేదు. పేజీల మధ్య కుట్టులో రబ్బరు పొడి ఇంకా ఉంది. వేలికి అంటించి ఊయికి చూపించింది.

"ఎవరు చూశారు దీన్ని ఈ మధ్య?"

"ఎవరూ... ఉండు. నిన్న పొద్దున పదింటికి కెప్టెన్ రాద్జి వచ్చాడు. ఏదో చూసుకోవాలన్నాడు. అక్కా, గొంతెండిపోతోంది అంటే పక్క కొట్టుకెళ్లి టీ తెచ్చాను. పది నిమిషాలు పట్టిందేమో." కా సోమ్ ముఖం పాలిపోయింది. "నిరుడు కూడా వాడే ఒకరోజు ఇంటికి పట్టుకెళ్లాడు. చార్టుతో సరిచూసుకుంటానని."

"కెప్టెన్ రాద్జికి పడవ బతికినా డబ్బే, పగిలినా డబ్బే," అంది సబారియా. "ఏ పడవ ఎప్పుడు రాళ్లెక్కుతుందో ముందే తెలిస్తే ఇంకా సుఖం. గాలి లేచే రాత్రి వచ్చి, కొస వెనక దీపం ఆర్పుకుని కూర్చోవడమే పని."

ఊయి చొక్కా జేబులోంచి మడిచిన రిపోర్టు తీశాడు. కలం తీసి చివరి రెండు మాటలు కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి జోన్ ముందు ఉంచాడు.

"అమ్మా, నాదే తప్పు," అన్నాడు.

జోన్ ఆ కాగితాన్ని చూసింది. తల ఊపింది. కళ్లు తుడుచుకుంది. మూడు రోజులుగా ఆమె అడిగింది అదొక్కటే.

సబారియా మాత్రం జిరాక్సు పుస్తకం పేజీలు తిప్పుతూనే ఉంది. ఒక చోట చెయ్యి ఆగింది. ఇంకో చోట ఆగింది. అదే వాలు చేతిరాత. పెలికన్, జూన్ 97. తెలుక్ సిరె ఒక్కటే కాదు. మొత్తం నాలుగు చోట్లు. నాలుగూ నైరుతికి నోరు తెరుచుకుని ఉన్నవే.

"కా సోమ్, ఇలాంటివి ఎన్ని అమ్మావు?"

"నిరుడు తీసుకెళ్లి తిరిగిచ్చాక... బైండింగుకి డబ్బాలో పది స్పైరల్ తీగలు ఉండేవి. మూడు మిగిలాయి. ఏడు."

"ఎవరెవరికి?"

"ఐదు పడవలు థాయ్‌లాండ్ దాటిపోయాయి. ఒకటి ఈవిడది. ఇంకొకటి..." ముసలావిడ బల్ల అంచు పట్టుకుంది. "నిన్న సాయంత్రం. ఫ్రెంచి వాళ్లు, మిరేయ్ అని పడవ. మొగుడూ పెళ్లాం, ఇద్దరు ఆడపిల్లలు. రెండు పుస్తకాలు కొనండర్రా అంటే నవ్వి ఒకటి చాలన్నారు. ఈ పొద్దున ఎనిమిదిన్నరకి రేడియోలో అందరికీ చెప్పారు, ఈ రాత్రికి తెలుక్ లాలాంగ్‌లో ఉంటామని."

సబారియా పేజీ తిప్పింది. తెలుక్ లాలాంగ్. మార్జిన్‌లో పెలికన్.

"రాద్జి కూడా విని ఉంటాడు," అంది. "కానీ మనకి రుజువు దొరికినట్టు అతనికి ఇంకా తెలియదు. అసలు పుస్తకంలో రాత చెరిపేశాడు, కూకబరాలో కాపీ పోయిందనుకుంటున్నాడు. ముందు పడవ పంపించి..."

"తెలుసు," అన్నాడు ఊయి.

అందరూ అటు తిరిగారు. అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"రేవులో దిగగానే ఫోన్ చేశాను. పడవ అప్పగించడం ఆలస్యమవుతుందని చెప్పాలి కదా. ఎందుకని అడిగాడు. ఇన్‌స్పెక్టరమ్మకి ఓవెన్‌లో ఏదో జిరాక్సు గైడు దొరికిందని చెప్పి... నవ్వాను కూడా. అతను వెంటనే ఫోన్ పెట్టేశాడు."

పన్నెండూ నలభై ఐదు. రాద్జి రేవు నుంచి తెలుక్ లాలాంగ్‌కి టగ్గులో రెండు గంటలు. గోడ మీద గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. కిటికీలోంచి చూస్తే నైరుతి వైపు ఆకాశం అడుగున నల్లటి కట్ట ఒకటి లేచి ఉంది.

సబారియా చేతి వైర్‌లెస్ సెట్టులో తన పడవకి బయల్దేరే ఏర్పాటు చెయ్యమని చెప్పి, బల్ల మీద ఉన్న కా సోమ్ రేడియో అందుకుంది.

"మిరేయ్, మిరేయ్. లంకావి సముద్ర పోలీసు పిలుస్తోంది."

మూడోసారికి ఒక ఆడగొంతు పలికింది. "మిరేయ్ వింటోంది. నేను క్లేర్‌ని. అంతా బాగానే ఉందా?"

"మీరు ఎక్కడున్నారు?"

"తెలుక్ లాలాంగ్‌లో. చాలా బాగుంది ఇక్కడ. ఒక టగ్గు కెప్టెన్ వచ్చాడు, మంచి మనిషి. ఇంకా లోపలికి రండి, అక్కడైతే గాలి తగలదు అని చూపించాడు. ఇప్పుడు తీరానికి బాగా దగ్గరలో ఉన్నాం. మా ఆయన బెనువా కాఫీకి ఆ టగ్గులోకి వెళ్లాడు. మా గైడు పుస్తకం చూస్తానంటే అది కూడా పట్టుకెళ్లాడు."

సబారియా మీట మీద వేలు పెట్టి ఆగింది. ఈ చానెల్ అందరూ వింటారు. తను ఏం చెప్పినా ఇద్దరు వింటారు, ఆ రెండోవాడి పక్కనే ఈమె భర్త కూర్చుని ఉన్నాడు.

"క్లేర్, గాలివాన వస్తోంది. మీరు లంగరు ఎత్తి బయటికి రావడం మంచిది," అంది, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

క్లేర్ జవాబు చెప్పేలోపు వేరే గొంతు వచ్చింది. తాపీగా, దగ్గరి చుట్టం పలకరించినట్టు.

"పువాన్ ఇన్‌స్పెక్టర్, కంగారు పడకండి. నేను ఇక్కడే ఉన్నాగా. వీళ్లని నేను చూసుకుంటాను. క్లేర్ మేడమ్, కదలకండి. ఉన్నచోటే ఉండండి. బెనువా సార్ నా దగ్గర క్షేమంగా ఉన్నారు."

ఆ క్షేమం అన్న మాట ఎవరికోసం అన్నాడో సబారియాకి అర్థమైంది. పోలీసు పడవకి ముప్పై ఐదు నిమిషాలు పడుతుంది. నైరుతిలో ఉన్న కట్ట ఇరవై నిమిషాలు కూడా ఇచ్చేలా లేదు. ఏం మాట్లాడినా భర్త ప్రాణం, మాట్లాడకపోతే తల్లీపిల్లల ప్రాణం. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు.

జోన్ వచ్చి ఆమె చేతిలోంచి మైకు తీసుకుంది.

"క్లేర్, నేను జోన్ హార్కర్‌ని. మంగళవారం రాళ్లెక్కిన కూకబరా మాదే. ఆ పుస్తకంలో పెలికన్ అని రాసింది అబద్ధం. మీ కింద బురద లేదు, బండ ఉంది. గాలి కొట్టినప్పుడు మా ఆయన గొలుసు లాగడానికి ముందుకి వెళ్లాడు. పన్నెండు నిమిషాలు లాగాడు. ఆ పన్నెండు నిమిషాలూ నేను ఇంజను వేసుకుని ఆయన కోసం ఆగాను. నువ్వు ఆగొద్దు. లంగరు ఎత్తకు, తాడు కోసెయ్. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి సముద్రంలోకి పో. మీ ఆయన కోసం కూడా ఆగొద్దు. నన్ను తిట్టుకో, కానీ పో."

రేడియోలో బుసబుస తప్ప ఏమీ లేదు. రాద్జి కూడా పలకలేదు. కా సోమ్ కళ్లు మూసుకుని ఏదో చదువుకుంటోంది. ఊయి నిలబడ్డ చోట నుంచి కదల్లేదు. కొట్టు రేకు మీద మొదటి గాలి దబ్బున కొట్టింది.

నిమిషం దాటాక క్లేర్ గొంతు వచ్చింది. వెనక ఇంజను మోత, పిల్లల ఏడుపు.

"తాడు కోసేశాను. కదులుతున్నాం. టగ్గు మీద నాకు ఎవరూ కనబడటం లేదు." ఊపిరి అందక ఆగింది. "బెనువాని మీరు తీసుకురావాలి. వింటున్నారా? మీరే తీసుకురావాలి."

జోన్ మైకు సబారియాకి ఇచ్చేసింది. ఆ మాట ఇవ్వవలసింది తను కాదు.

సబారియా మీట నొక్కింది.

"తీసుకొస్తాను," అని చెప్పి, రేవు వైపు పరుగెత్తింది.